కొట్టెయ్యని పేరు

మనుషుల అక్రమ రవాణా మీద పరిశోధన చెయ్యమని నాకిచ్చిన ఫారంలో మొదటి గడి 'ఎంచుకున్న దేశం'. ఎవరు ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో అందులో లేదు. ప్రతి ఫారం మీదా నేను 'భారతదేశం' అని రాసి, కింద ఊరి పేరు వేసి, ఆ తర్వాత నలభై మూడు ప్రశ్నలు అడగాలి. ఆ ప్రశ్నలు ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న దేశం కోసం ఎవరో తయారుచేసినవి. హైదరాబాదులో ఉండే మా ప్రాజెక్టు సారు వాటిని కంప్యూటర్లో వేసి తెలుగు చేయించాడు. 'మిమ్మల్ని ఓడ ఎక్కించినప్పుడు తలుపు మూసి ఉన్నదా, తెరిచి ఉన్నదా?' అనేది పదకొండో ప్రశ్న. ములకలపల్లి అడవి అంచున ఒక చావిట్లో కూర్చుని నేను ఆ ప్రశ్న అడిగితే ఒక ముసలాయన చాలాసేపు ఆలోచించాడు.

"చిన్నప్పుడు భద్రాచలం కాడ గోదారి దాటినం. పడవకు తలుపేంది మేడం?" అన్నాడు.

నేను 'వర్తించదు' అన్న గడిలో టిక్కు పెట్టుకున్నాను. ఆయన నా ముఖంలోకి జాలిగా చూసి మంచినీళ్లు తెప్పించాడు.

మాది ఖమ్మం. మా అబ్బా, అంటే మా నాన్న, నేను పుట్టక ముందు నుంచీ ఒకే సందులో బట్టలు కుడుతున్నాడు. ఎమ్మే చదివిన కూతురు అడవులు పట్టుకు తిరగడం ఆయనకు మింగుడుపడలేదు. "మనుషుల్ని అమ్ముతారా? ఎక్కడ? ఎవరు?" అని అడిగేవాడు. అది తెలుసుకోవడానికే వెళ్తున్నానని చెబితే, "తెలుసుకున్నాక?" అనేవాడు. దానికి మా ఫారంలో గడి లేదు. అందుకని నేను విసుక్కుని బస్సెక్కేదాన్ని.

ఆ ఉద్యోగంలో నాకు రెండే నియమాలు. ఒకటి, ఎవరి పేరూ రాయకూడదు. మనిషికో నంబరు ఇవ్వాలి. రెండు, దేంట్లోనూ కల్పించుకోకూడదు. అడగాలి, రాసుకోవాలి, రావాలి. వీటికి తోడు మా సంస్థ రోడ్ల మీద అంటించిన పోస్టరుకి తెలుగు మాటలు రాసింది నేనే. 'కొత్త మనిషి మీ ఊరికి వచ్చి, తీయగా మాట్లాడి, ఆడపిల్లల వయసులు అడిగి, కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుంటే వెంటనే తెలియజేయండి' అని. బాగా కుదిరిందని సారు మెచ్చుకున్నాడు. ఆ పోస్టరులో ఉన్నది అచ్చంగా నేనేనన్న సంగతి నాకూ తట్టలేదు, ఆయనకూ తట్టలేదు.

ఈ చుట్టుపక్కల ప్రతి గూడెం, ప్రతి ఇల్లు తెలిసిన మనిషి కావాలని సారు వాకబు చేసి ఒకాయన్ని కుదిర్చాడు. యాభై దాటిన మనిషి. తెల్ల చొక్కా, పాత మోటార్ సైకిలు, చంకలో పొడుగాటి నోటుపుస్తకం. ఎంత మర్యాదస్తుడంటే, గతుకు వచ్చినప్పుడల్లా ముందే "గట్టిగ పట్టుకోండ్రి మేడం" అని చెప్పేవాడు. ఏ ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలున్నారో, ఎవరికి ఎన్నేళ్లో అంగన్‌వాడీ టీచరు తడుముకునేది, ఈయన టకటకా చెప్పేవాడు. కోయలో మాట్లాడేవాళ్ల మాటలు నాకు తెలుగులో చెప్పేవాడు కూడా. ఇంత మంచి మనిషి దొరకడం నా అదృష్టమని మురిసిపోయాను.

మూడు వారాలు తిరిగాం. అందరి దగ్గరా ఒకటే జవాబు. 'గత అయిదేళ్లలో బయటి మనిషి ఎవరైనా మీ ఊరి ఆడపిల్లల్ని పనికని తీసుకెళ్లారా?' అంటే జనం ఒకసారి ఆయన వైపు చూసి, నా వైపు చూసి, "లేదు, బయటోళ్లు ఎవలూ రాలే" అనేవారు. ఫారాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. హైదరాబాదు సారుకి మాత్రం దిగులు పట్టుకుంది. "అమ్మా, ఒక్కటీ లేదంటే ఎలా? రిపోర్టులో ఏం చూపిస్తాం?" అని ఫోనులో బతిమాలాడు. ఎవరినైనా అమ్మితే బాగుండునన్నట్టు ఉంది ఆయన గొంతు.

ఆ తర్వాతి సోమవారం, వాగు దాటి నడిచి వెళ్లాల్సిన ఒక చిన్న గూడేనికి వెళ్లాం. అక్కడ ఒక ముసలమ్మ చింతకాయలు కొట్టి గింజ తీస్తోంది. పక్కన మనవరాలు. పదహారేళ్లుంటాయి. నేను మామూలుగా ప్రశ్న అడిగాను. ముసలమ్మ చేతిలో కర్రతో నా పక్కనున్న మనిషిని చూపించింది.

"తీస్కపోయిండు. గీయనే గదా."

నేను నోరెళ్లబెట్టి ఆయన వైపు తిరిగాను. ఆయన సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుని, "అవ్ మేడం, నేనే" అన్నాడు.

"మరి ఇన్ని ఊళ్లలో ఎవరూ రాలేదని ఎందుకు చెప్పారు?"

"మీరు బయటి మనిషి అని అడిగిండ్రు. నేను బయటోన్ని కాదు గదా మేడం. మా తాత కాలం నుంచి గీ ఊర్లల్లనే మేస్త్రి పని."

ఆయనకు నా మీద కోపం లేదు, దాచుకోవాలన్న ఆలోచనా లేదు. కూలీల మేస్త్రిగా, మిరపకాయలు ఏరడానికి ఆడవాళ్లని ఖమ్మం వైపు తోటలకు తోలుకెళ్లడం ఆయన అసలు పని. ఈ మధ్య దానికి తోడు పట్నాలలో ఇంటిపనికి ఆడపిల్లల్ని పంపుతున్నాడు. పక్క గూడెం నుంచి కిందటేడు ఇద్దరు వెళ్లారు. మొదటి నెల ఫోను చేశారు, ఆ తర్వాత లేదు. ఎక్కడున్నారని అడిగాను.

"నాదేముంది, బస్సు ఎక్కిచ్చుడు వరకే. అవతల ఇంకో మేస్త్రి దించుకుంటడు. ఆయన అవతల ఇంకొకాయన. పెద్ద ఇండ్లు మేడం, మంచిగ చూస్కుంటరు" అన్నాడు. ఆ 'మంచిగ' అనే మాట ఆయన నిజంగానే నమ్ముతున్నాడని నాకు అర్థమైంది.

శుక్రవారం ఈ పిల్లని పంపాలి. అది కూడా ఆయనే చెప్పాడు, బస్సు టైముతో సహా.

నేను కొత్త ఫారం తీసి పిల్లకు నంబరు వేశాను. ము-3-07. ఆమె నా భుజం మీదుగా తొంగి చూసింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన పిల్ల, చదవడం వచ్చు.

"గిదేంది మేడం? నాకు పేరున్నది."

"పేర్లు రాయకూడదమ్మా. అది రూలు."

"ఎందుకు? నేను మేకనా, నంబరెయ్యనీకి?"

మా అబ్బా షాపులో కుట్టడానికి వచ్చిన ప్రతి గుడ్డకీ ఒక చీటీ గుచ్చుతాడు. చీటీ మీద పేరు లేకపోతే ఆ గుడ్డ పోయినట్టే అంటాడు. నాకు అదే గుర్తొచ్చింది. రూలు మీద ఎక్కడలేని కోపం వచ్చింది. నంబరు పక్కన, పెన్ను నొక్కిపెట్టి, ఆమె పేరు పెద్ద అక్షరాలతో రాశాను. ముసలమ్మ అంగీకార పత్రం మీద వేలిముద్ర వేసింది. చూస్తూ నిలబడ్డ ఇంకో పది మంది ఆడవాళ్లు, ఎప్పుడూ లేనిది, వాళ్లంతట వాళ్లే వచ్చి ఆ పేరున్న ఫారం కిందే వేలిముద్రలు వేశారు. నా మంచితనం వాళ్లకి అర్థమైందనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రి గతుకుల దగ్గర హెచ్చరించలేదు. ములకలపల్లిలో నా కిరాయి గది ముందు బండి ఆపి, గొంతు సవరించుకున్నాడు.

"గిట్ల చేస్తరని అనుకోలే మేడం. మూడు వారాలు మీకు ఊర్లు చూపిచ్చిన. ఆ పిల్ల పేరు బస్సు కాడ రాస్కుందమనుకున్న, అంతల మీరు నా మనిషినే రాసుకుంటిరి."

ఆయన ఓపికగా విడమరచి చెప్పాడు. ఈ ఊళ్లలో ఒక మేస్త్రి పుస్తకంలో పేరు రాసుకుని వేలిముద్ర తీసుకున్నాడంటే ఆ సీజనంతా ఆ మనిషిని ఇంకో మేస్త్రి తాకడు. తాకితే మిగతా మేస్త్రులు వెలేస్తారు, ఏ గూడెంలోనూ కూర్చోమని మంచం వెయ్యరు. ఆ పేరు కింద వేలిముద్రలు వేసినవాళ్లతో కలిపి నేను పదకొండు మందిని రాసుకున్నట్టే. అందులో శుక్రవారం పిల్ల ఉంది.

"మీరు పేరు కొట్టెయ్యాలె. మీ చేతులతోనే కొట్టెయ్యాలె. గప్పుడే నేను తీస్కపోవచ్చు."

మనుషుల్ని మాయం చేసే దారిలో మొదటి మెట్టు మీద నిలబడ్డ మనిషి నాకు ధర్మం చెబుతున్నాడు. నవ్వాలో, ఏడవాలో తెలియలేదు. కొట్టెయ్యనని చెప్పాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి.

వెంటనే సారుకి ఫోను చేశాను. కేసు దొరికినందుకు ఆయన మొదట చాలా సంతోషించాడు. పేరు రాశానని చెప్పగానే గొంతు మారిపోయింది.

"పేరా? ఎథిక్స్ కమిటీ ఊరుకోదమ్మా. ఆ పేరు వెంటనే కొట్టేయండి. కనపడకుండా కొట్టేసి, ఫొటో తీసి పంపండి."

"కొట్టేస్తే శుక్రవారం ఆ పిల్లని తీసుకెళ్లిపోతారు సార్."

"మనం పరిశీలకులం. కల్పించుకోకూడదు."

గంట తేడాలో ఇద్దరు మగవాళ్లు ఒకే పేరు కొట్టెయ్యమన్నారు. ఒకాయన పిల్లని పంపడానికి, ఇంకొకాయన పిల్లని కాపాడే నియమం కోసం. మర్నాడు కొత్తగూడెం వెళ్లి పిల్లల సంగతులు చూసే ఒక ఆఫీసులో అంతా చెప్పాను. మాయమైన ఆ ఇద్దరి పేర్లేమిటని అడిగారు. పక్క గూడెంలో నేను వారం కిందటే సర్వే చేసి వచ్చాను. నా దగ్గర ఉన్నవి నంబర్లే. ఆ కాగితం చూసి అక్కడి ఉద్యోగి, "ఇవి బండి నంబర్లా?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. మళ్లీ వాగు దాటి వెళ్లి, ఆ తల్లుల దగ్గర కూర్చుని, పేర్లు రాసుకుని, బుధవారం ఇచ్చి వచ్చాను. విచారిస్తామన్నారు. శుక్రవారం వెళ్లాల్సిన పిల్ల ఇంకా వెళ్లలేదు గనక ఇప్పుడప్పుడే చేసేదేమీ లేదన్నారు.

గురువారం పొద్దున్నే తలుపు తీస్తే నా గది ముందు పదకొండు మంది కూర్చుని ఉన్నారు. మూటలు, గిన్నెలు, దుప్పట్లు. పది మంది ఆడవాళ్లు, ఆ పిల్ల. అప్పగించడానికి వచ్చిన ముసలమ్మ పన్నెండో మనిషి.

"పోదమా?" అంది ముసలమ్మ.

నేను మేస్త్రిని కాననీ, ఇది పరిశోధన అనీ, మీ కష్టాలు పెద్దవాళ్లకు తెలియడానికనీ, తెలిసిన మాటలన్నీ చెప్పాను. ముసలమ్మ చివరిదాకా విన్నది.

"పేరు రాసిండ్రు. వేలు వేయించుకున్నరు. మల్ల తీస్కపోను అంటరు. గట్లయితే ఎందుకు రాసిండ్రు?"

ఎందుకు రాశానో నాకు తెలియదు. మూడు వారాలుగా ఊరూరా తిరిగి రాస్తున్నదాన్ని, ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. చాలా సిగ్గేసింది.

రోడ్డుకి అవతల మోటార్ సైకిలు మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఆయన అక్కడి నుంచే, నా మేలు కోరి, "పేరు రాసి పని చూపియ్యకపోతే ఆ పేరు చెల్లది మేడం. రేపటి దాక చూస్త" అన్నాడు.

అబ్బాకి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను. అబ్బా తిట్టలేదు. మిషను ఆపిన చప్పుడు వినిపించింది. ఎవరికో ఫోను చేస్తానని పెట్టేసి, పావుగంటలో మళ్లీ చేశాడు. తిరుమలాయపాలెంలో ఒక రైతుకి పెళ్లినాటి నుంచీ బట్టలు కుట్టేది మా షాపులోనే. ఆయన తోటలో మిరప పండి ఉంది, ఏరేవాళ్లు లేరు. ఉండటానికి రేకుల షెడ్డు ఉంది, పిల్లకి వంట దగ్గర పని ఇస్తాడు, వెంట నేనుండాలి.

"నువ్వు తెలుసుకున్నాక ఏం చేస్తావని అడిగాను గదా బేటా," అన్నాడు అబ్బా. "ఇదే అనుకో."

ట్రాలీ ఆటో మాట్లాడి పదకొండు మందిని ఎక్కించాను. ముసలమ్మ మనవరాలి చెయ్యి నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. జూలూరుపాడు దాటాక రోడ్డు మీద తనిఖీ బృందం ఒకటి మమ్మల్ని ఆపింది. వాళ్లు నిలబడ్డ చెట్టుకి నా పోస్టరే అంటించి ఉంది. ఒకాయన పోస్టరు చూసి, నన్ను చూసి, నా సంచిలోంచి ఫారాలు తీయించాడు. వయసులు, వేలిముద్రలు, కొత్త మనిషి. పోస్టరులో నేను రాసిన ప్రతి లక్షణమూ నాకు అతికినట్టు సరిపోయింది. అది నేనే రాశానని చెబితే, అందరూ ఇట్లాగే చెబుతారన్నాడు. సారుకి ఫోను చేస్తే మీటింగులో ఉన్నాడు.

"ఈమె నీకేమవుతది?" అని పిల్లని అడిగారు.

"మా మేస్త్రి" అంది ఆ పిల్ల ధైర్యంగా. నాకు ఆ ధైర్యం చూస్తే ముచ్చటేసింది, నాలుగు తగిలించాలనిపించింది కూడా.

అప్పుడే వెనక ఇంకో ఆటో వచ్చింది. ఇరవై మందికి పైనే ఉన్నారు. అది మన మేస్త్రి ఆటో, వేరే తోటకి. ఆయన్ని ఎవరూ ఆపలేదు, చెయ్యెత్తి పలకరించారు. ఆయనే బండి ఆపించి దిగి, నా ఫారాలు పట్టుకున్న మనిషి దగ్గరకు వచ్చాడు.

"మా మేడమే సార్. మంచి మేస్త్రి. రాసిన పేరు సచ్చినా కొట్టెయ్యది."

మమ్మల్ని వదిలేశారు. నా ఎమ్మే, నా గుర్తింపు కార్డు, నేను రాసిన పోస్టరు చెయ్యలేని పని ఆ మనిషి మాట చేసింది. ఆటో ఎక్కుతుంటే ఆయన దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు: "సీజను అయిపోతె పేరు కూడ అయిపోతది గదా మేడం. మల్ల ఏడు కలుద్దం."

ఆ మాట నన్ను ఏడాది పొడుగునా వదల్లేదు.

ఇరవై ఆరు రోజులు తోటలో ఉన్నాం. మిరప ఘాటుకి అందరం తుమ్ముతూనే ఉన్నాం. పదకొండు మందినీ మళ్లీ వాగు దాకా దించి వచ్చాను. అప్పటికి నా ఉద్యోగం పోయింది. పేరు ఉన్న కారణంగా ఆ ఒక్క ఫారాన్ని చెల్లదని పక్కన పెట్టి, మిగతావాటితో రిపోర్టు తయారుచేశారు. అందులో ఆ గూడెం పేరు పక్కన 'సమస్య లేదు' అని ఉంది. మాయమైన ఇద్దరిలో ఒక పిల్ల వానాకాలంలో తిరిగొచ్చింది. చూడటానికి వెళ్తే, తలుపు వెనక నిలబడి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండో పిల్ల ఇంకా రాలేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా, ఆ పక్క గూడెంలో కూర్చుని ఓడ తలుపు గురించి అడిగిన రోజు గుర్తొచ్చి నన్ను నేను తిట్టుకుంటాను.

మరుసటి ఏడు మిరప పండకముందే, ఒక కొత్త నోటుపుస్తకం కొనుక్కుని బస్సెక్కాను. ఏ సర్వే లేదు, ఏ సంస్థ లేదు. ఆ పేరు మళ్లీ రాయడం ఒక్కటే పని. వాగు దగ్గర మేస్త్రి మోటార్ సైకిలు నిలబెట్టి ఉంది. చీర కుచ్చిళ్లు తడిసిపోతున్నా పరుగెత్తాను.

ముసలమ్మ ఇంటి ముందు మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఆయన పుస్తకం మూసి ఒళ్లో ఉంది. ఎదురుగా ముసలమ్మ మనవరాలు, గోడకి ఆనుకుని, ఎనిమిదో తరగతి నాటి పాత నోటుపుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని రాస్తోంది. చుట్టూ ఆడవాళ్లు. పక్క గూడెంవాళ్లు కూడా వచ్చారు. ఒకామె వెనక, తలుపు వెనక నుంచి నాతో మాట్లాడని ఆ పిల్ల నిలబడి ఉంది.

"లేటయింది మేడం" అంది రాస్తున్న పిల్ల నన్ను చూసి. "మావి రాసుడు అయిపోయింది. తిరుమలాయపాలెం రైతుతోని ఫోన్ల మాట్లాడిన."

అందరికంటే పైన ఆమె తన పేరే రాసుకుంది. రాసింది ఎవరైనా సరే, రాసిన పేరు రాసినట్టే కదా. మేస్త్రి నా వైపు చూసి, ఏం చేస్తాం అన్నట్టు చేతులు తిప్పాడు.

నేను అలిసిపోయి నేల మీద కూలబడ్డాను. నా కొత్త పుస్తకం సంచిలోనే ఉండిపోయింది. కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆమె నన్ను చూసి, పేజీ తిప్పి, పెన్ను పట్టుకుంది.

"మీకిప్పుడు పని లేదంట గదా. మీది గూడ రాయాల్నా?"

"రాయి" అన్నాను.

ఆమె రాయబోయి ఆగింది. మిగతా ఆడవాళ్ల వైపు చూసింది. వాళ్లు ముసలమ్మ వైపు చూశారు. ముసలమ్మ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. కిందటేడు వాళ్ల ఇళ్లకి వెళ్లి, వాళ్ల అన్నం తిని, వాళ్ల వయసులు, రోగాలు, దుఃఖాలు అన్నీ అడిగి రాసుకున్నాను.

"మీ పేరేంది మేడం?" అంది ఆ పిల్ల.